రెండో బ్రేకు

“క్లచ్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. మెల్లగా అంటే, ఇంకా మెల్లగా,” అన్నారు మాస్టారు.

స్టీరింగు ముందు కూర్చున్న మందుల షాపావిడ కాలు ఒక్కసారిగా తీసేసింది. తడి ఎత్తు మీద కారు ఉలిక్కిపడి, కాస్త జారి, సర్దుకుంది.

“అయ్యో, ఏదో లైటు మిణుకుమంటోంది! బండి పాడైందా మాస్టారూ?”

“పాడవలేదమ్మా, మీకు సాయం చేస్తోంది. ఒక చక్రం తడిలో జారి, మిగతావాటికన్నా జోరుగా తిరిగింది. బండి అది పసిగట్టి ఆ చక్రాన్ని పట్టుకుంది, ఇంజిన్ ఊపు కూడా తగ్గించింది. మీరు యాక్సిలరేటర్ మీద కాస్త బరువు తగ్గించండి, చాలు.”

“మరి దాన్ని ఆపేసే బటన్ ఎందుకు పెట్టారు?”

“బురదలో దిగబడినప్పుడు. అక్కడ చక్రం గిర్రున తిరిగితేనే బురద చిమ్మి, కింద గట్టినేల దొరుకుతుంది. ఇదేమో తిరగనివ్వదు. అందుకని ఆపాలి, బయటపడగానే మళ్లీ వేసుకోవాలి. మిగతా రోజుల్లో దాని పని దాన్ని చేసుకోనివ్వండి.”

ఈ నాలుగు మాటలూ చెబుతున్నంతసేపూ ఆయన కుడికాలు రెండో బ్రేకు మీదే ఉంది. నేర్పే కార్లలో పక్క సీటుకి విడిగా అమర్చే బ్రేకు అది. ముప్ఫై ఒక్కేళ్లు దాని మీద కాలు పెట్టి కూర్చున్న మనిషికి, ఇంకెక్కడ కూర్చున్నా కాలు ఊరుకోదు. బస్సు మలుపు తిరిగితే నేల తొక్కేస్తారు. పక్కవాళ్లు “తిమ్మిరెక్కిందా అండీ?” అని జాలిపడితే, అవునని తలూపేవారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, పాఠానికి ముందు అద్దాలన్నీ తుడిచే చేతిరుమాలు. ఆయనలో చెప్పుకోదగ్గవి అంతకుమించి లేవు.

వేలమందికి డ్రైవింగ్ నేర్పిన మాస్టారు ఇంటావిడకి మాత్రం మొన్నమొన్నటిదాకా నేర్పలేదు. ఎవరైనా అడిగితే “ఆవిడకి భయమండీ” అనేవారు. పచ్చి అబద్ధం. ఆమె కొండమీది ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. బుసలుకొట్టే ఆవిరి యంత్రాలకీ, పెద్ద డాక్టర్లకీ కూడా జంకదు. పొద్దున్న ఆరింటికి డ్యూటీ, ఆ వేళకి కొండమీదికి బస్సు ఉండదు. ఇరవై ఆరేళ్లుగా ఆయనే దింపుతూ వచ్చారు. దారంతా ఆమె ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఏ డాక్టరు కోటు జేబులో పిప్పరమెంట్లు దొరికాయో, ఏ నర్సు దుప్పట్లు తప్పు లెక్కపెట్టిందో. రోజు మొత్తంలో ఆయనకి బంగారంలాంటి ఇరవై నిమిషాలవి. ఆమె డ్రైవింగ్ నేర్చుకుంటే అవి పోతాయి. అంతే సంగతి.

మూడు నెలల కింద ఆయనకి కళ్లముందు చీకట్లు కమ్మాయి. గుండె లయ తప్పుతోంది, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు ఖరాఖండీగా చెప్పాడు. పక్క సీట్లో కూర్చుని పాఠాలు చెప్పుకోవచ్చని మాస్టారు తనకి తానే అనుమతి ఇచ్చుకున్నారు. ఆదరాబాదరాగా ఇంటావిడకి నేర్పారు. లైసెన్సు కూడా వచ్చింది. తీరా చూస్తే చిక్కంతా ఆయనతోనే వచ్చిపడింది. సొంత కారులో రెండో బ్రేకు లేదాయె. ఆయన ఉత్త మ్యాట్‌ని దబదబా తొక్కుతూ “బ్రేకు, బ్రేకు” అంటుంటే ఆమెకి చేతులు ఆడవు. ఆయన లేకుండా నడిపే ధైర్యమూ చాలదు. సోమవారం ఆయన వైద్యానికి ఆసుపత్రిలో చేరాలి. ఆరోజు నుంచి ఆమె ఒంటరిగా కొండెక్కాలి, లేదా ఉద్యోగం మానుకోవాలి.

మందుల షాపావిడ పాఠం ముగించి, సాయంత్రం బస్సులో మాస్టారు కొండమీదికి వెళ్లారు. పొద్దున్న ఇద్దరూ కలిసి తెచ్చి ఆసుపత్రి దగ్గర వదిలిన సొంత కారుని ఇంటావిడ తీసింది. సన్నగా వాన పడుతోంది. పైపుల కోసం తవ్వి పూడ్చిన చోట ముందు చక్రం బురదలో దిగబడింది. యాక్సిలరేటర్ తొక్కింది. లైటు మిణుకుమంది, ఇంజిన్ నీరసించింది, కారు అక్కడే ఉంది. ఇంకోసారి, మళ్లీ అంతే.

ఆయనకి నోరు దురద పెట్టింది. “చెప్పనా?”

“వద్దు. మీరు కాసేపు మాట్లాడకండి.”

మాస్టారు వంగి, బూట్ల లేసులు విప్పి, బూట్లూ మేజోళ్లూ కింద వదిలేసి, సీటు మీద రెండు కాళ్లూ మడిచి బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.

“ఇదేమిటి?”

“కింద ఉంటే వాటికి పని గుర్తొస్తుందోయ్. నువ్వు కానీ.”

ఆమె ఆయనవైపు చూసింది. తర్వాత డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పోనిచ్చి, బటన్ నొక్కి పట్టుకుంది. కాస్త వెనక్కి, మెల్లగా ముందుకి. చక్రం గిర్రున తిరిగి కిటికీ నిండా బురద కొట్టింది. కారు ఒక ఊపుతో గట్టెక్కింది. తారురోడ్డు తగలగానే, ఎవరూ చెప్పకుండానే, మళ్లీ బటన్ నొక్కింది.

“మళ్లీ వేశావే!”

“వెయ్యనా మరి? మీ పాఠాలు విని విని చెవులు చిల్లులు పడ్డాయి.”

ఆయన గట్టిగా నవ్వారు. నవ్వుతూనే అన్నారు: “నీకు ఎప్పుడో నేర్పాల్సింది. కావాలనే నేర్పలేదు.”

“తెలుసు. నేనూ కావాలనే అడగలేదు.”

ఆయనకి పట్టరాని సంతోషం కలిగింది. తల కిటికీకి ఆనించారు. ఆమె ఆరోజు ముచ్చట్లు మొదలుపెట్టింది, ఇల్లు చేరేదాకా ఆపలేదు. ఇరుకు గేటులోంచి కారు ఒక్కసారికే సూటిగా పెట్టింది.

“చూశారా? ఒక్కసారికే!”

మెచ్చుకుంటారని ఎదురుచూసింది. మాస్టారు కాళ్లు మడుచుకుని అలాగే కూర్చుని ఉన్నారు. పెదవుల మీద నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు. ఆమె భుజం తట్టి పిలిచింది, చెయ్యి పట్టుకుని పిలిచింది.

నిద్రలో పోయినట్టే పోయారని, బాధ తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు.

మూడు వారాల తర్వాత ఆమె డ్యూటీకి బయల్దేరింది. తెల్లవారుజామున ఇంకా చినుకులు పడుతున్నాయి. ఒక్కతే కొండెక్కింది. దారిలో అలవాటుగా ఏదో చెప్పబోయి ఆగింది, తర్వాత చెప్పేసింది. పక్క సీటు ముందు, మ్యాట్ మీద, ఆయన నల్లబూట్లు విప్పిన లేసులతో, మేజోళ్లు లోపలికి దోపి, జతగా ఉన్నాయి.