గీత పెట్టిన సెన్సర్

టీ గ్లాసును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అడుగున ఏముందో చూసి, ఓసారి వాసన పీల్చి, అప్పుడు గుక్క మింగాడు మేస్త్రి. రోజూ తాగే టీయే, రోజూ వచ్చే కొట్టే. అయినా పాలలో నీళ్లు పోశారా, నీళ్లలో పాలు పోశారా అన్నది తేల్చుకోకపోతే అతనికి గొంతు దిగదు. లారీల షెడ్డులో అందరూ అతన్ని చాటుగా ‘అనుమానం మేస్త్రి’ అంటారు. అంటున్నారని అతనికి ఎప్పటినుంచో అనుమానమే.

పొట్టి మనిషి. కనుబొమల మధ్య నిలువుగా ఒక మడత, ఎన్ని సబ్బులు అరగదీసినా వదలని గోళ్ల కింది నలుపు. నట్టు తనే బిగించి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూస్తాడు. అందుకే అతని చెయ్యి పడ్డ బండి దారిలో ఆగిన పాపాన పోలేదు. ఆ గుణమే పెళ్లి దగ్గర అడ్డం తిరిగింది. ప్రతి సంబంధంలోనూ అవతలివాళ్లు ఏదో దాస్తున్నారని వెతికి వెతికి, చివరికి వెతకడానికి సంబంధాలే లేకుండా పోయాయి. అతనికి మిగిలింది అక్క ఇల్లు. తల్లి పోయాక అక్కాబావలే పెంచారు. షెడ్డుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పానా పట్టుకోవడం నేర్పింది బావే. బావ ఎలక్ట్రీషియను. ఇప్పుడు మేస్త్రి షెడ్డుకు పెద్ద, బావ అతని కింద పనివాడు.

కొన్నాళ్లుగా అతని అనుమానం బావ మీదికి మళ్లింది.

కారణం బొటనవేలంత సెన్సర్. ఇంజను అడుగున పెద్ద పళ్లచక్రం పక్కన కూర్చుని, పళ్లు దాటిపోవడం కనిపెడుతూ, క్రాంకుషాఫ్టు ఎక్కడిదాకా తిరిగిందో ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటుంది. ఆ కబురు ఆగితే డీజిలు ఆగుతుంది, బండి నిలబడిపోతుంది. ఈ మధ్య కొత్త సెన్సర్లు వేసిన బండ్లు కూడా మళ్లీ మళ్లీ తిరిగొస్తున్నాయి. కొత్తవి బావ బయట అమ్ముకుని, పాతవి తుడిచి బిగిస్తున్నాడేమోనని మేస్త్రి మనసులో పురుగు దొలిచింది. పోయిన వారం ఒక లారీకి కొత్త సెన్సర్ ఇచ్చేముందు, ఎవరూ చూడకుండా దాని మెడ మీద ఆకురాయితో సన్నని గీత గీశాడు.

ఈ ఉదయం ఆ లారీయే తాడు కట్టించుకుని వచ్చింది. “ఎత్తు ఎక్కుతుంటే ఆగిపోయింది మేస్త్రీ. వెనక్కి జారింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి” అన్నాడు డ్రైవరు. మేస్త్రి వచ్చేసరికే క్యాబిను ముందుకు వంచి ఉంది. బావ సామాన్ల గదికి వెళ్లాడట. ఇదే అదననుకుని మేస్త్రి బండి కిందికి దూరి సెన్సర్ ఊడదీశాడు.

గీత లేదు. నూనెలో వేగి నల్లబడ్డ పాత సరుకు.

మేస్త్రికి లోపల చిన్న సంతోషం. నేననుకున్నదే నిజమైంది కదా అన్న పాడు సంతోషం. ఆ సంతోషమే అతన్ని కాలు నిలవనీయకుండా ఓనరు గదికి నడిపించింది.

ఓనరు కబురు పెడితే బావ బండి మీదినుంచి దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బల్ల మీది నల్ల సెన్సర్‌ను చూశాడు, ఆ తర్వాత బావమరిదిని చూశాడు.

“నేను దొంగనని నువ్వే చెప్పావట్రా?”

మేస్త్రి గోడ వైపు చూశాడు. “గీత పెట్టి ఇచ్చాను బావా. అది లేదు.”

“పైది చూశావా?”

“నువ్వు చెప్తే చూడాల్సిన ఖర్మ నాకింకా పట్టలేదు.”

బావ ముఖం పాలిపోయింది. మేకుకు తగిలించిన చొక్కా తీసుకుని, గుండీలు కూడా పెట్టుకోకుండా గేటు దాటి వెళ్లిపోయాడు. పోతే పోనీ, నిజం నిప్పులాంటిదనుకున్నాడు మేస్త్రి. అన్నం మాత్రం సయించలేదు.

మధ్యాహ్నం ఆ బండికి కింద మరో కొత్త సెన్సర్ తానే స్వయంగా బిగించాడు. స్టార్టు చేశాడు. కాసేపు ఆడి, ఎక్కిళ్లు వచ్చినట్టు ఊగి, ఇంజను ఆగింది. మళ్లీ స్టార్టు చేశాడు. మళ్లీ ఆగింది.

అప్పుడు ‘పైది చూశావా’ అన్న బావ మాట గుర్తొచ్చింది. ఇలాంటి ఇంజనుకు సెన్సర్లు రెండు. పైన ఇంకో చిన్న పళ్లచక్రం దగ్గర ఒకటి, అచ్చం దాని కవలలాంటిది కింద క్రాంకుషాఫ్టు దగ్గర ఇంకొకటి. జబ్బు సెన్సర్‌లో ఉందా వైరులో ఉందా తేలకపోతే, పైది కిందికీ కిందది పైకీ మార్చి చూస్తారు. జబ్బు సెన్సర్‌తోపాటు పైకెక్కితే తప్పు దానిది. కిందనే ఉండిపోతే వైరుది. షెడ్డులో ప్రతివాడికీ తెలిసిన పద్ధతి. అతనికి నేర్పింది బావ.

బండి ఎక్కాడు. పైది ఊడదీసి పైపంచెతో తుడిచాడు. మెడ మీద గీత తళుక్కుమంది.

అక్కడే కూలబడిపోయాడు. లోకం మొత్తాన్ని రెండుసార్లు లాగి చూసే మనిషి, ఇంత పెద్ద మాట అనేముందు ఒక్కసారి పైకి చూడలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. ఫోను తీసి అక్కకు చేశాడు.

“అక్కా, బావ ఉన్నాడా?”

అవతల గిన్నె దించిన చప్పుడు.

“ఉన్నారు. నీకు లేరు.”

“అక్కా, తప్పు నాదేనే. పొరపాటు...”

“నువ్వు గీత గీసింది ఇనప ముక్క మీద కాదురా. నిన్ను కన్నకొడుకులా చూసుకున్న మనిషి మీద. ఇక ఈ గడప తొక్కకు.”

ఫోను పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

షెడ్డులో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. ఎవరూ అతని వైపు చూడటం లేదు. మేస్త్రి కళ్లు తుడుచుకుని, పైనుంచి కింది సెన్సర్‌కు దిగే వైరును వేళ్లతో తడుముతూ వెళ్లాడు. ఒకచోట అది ఇనప పట్టీకి ఒరుసుకుని, తోలు లేచి రాగి బయటపడింది. ఆ గాయానికి బావ అప్పటికే కట్టు కడుతున్నాడు. ఓనరు పిలిచేసరికి సగంలో వదిలేసి దిగినట్టున్నాడు. సగం చుట్టిన చోట, తెంచని నల్లటి టేపు చుట్ట వైరుకు వేలాడుతూ గాలికి మెల్లగా తిరుగుతోంది.