పంటి వెనక సందు

నన్ను గదిలో పెట్టి బయట తాళం వేయడం హాలోవెల్ గారి పద్ధతి. ఆయన సైకిళ్ళ కార్ఖానాలో పై అంతస్తు చివరి గది నాది. పొద్దున ఏడింటికి మేస్త్రి స్ప్రోట్ నన్ను లోపలికి పంపి తాళం తిప్పేవాడు, పన్నెండింటికి తీసేవాడు, ఒంటిగంటకి మళ్ళీ వేసేవాడు. ఇంగ్లండులోని మా కవెంట్రీలో వీధికొక సైకిళ్ళ కంపెనీ పుట్టుకొస్తున్న రోజులవి. ఒకడి పనివాడికి ఇంకొకడు బీరు పోయించి గుట్టు లాగేవాడు. అందుకని తాళం. అందుకనే మూడేళ్ళ ఒప్పందం కూడా. నా చేతిలో పుట్టిన ప్రతిదీ అయ్యగారిది. దాని బొమ్మ బయటివాడి కంట పడితే నేను కోర్టు మెట్లెక్కాలి.

గతిలేక సంతకం పెట్టాను. మాది చాపెల్‌ఫీల్డ్స్, గడియారాల పేట. మా తాత, మా నాన్న, నేను, మూడు తరాలుగా జేబు గడియారాలకి పళ్ళ చక్రాలు కోసి బతికినవాళ్ళం. ఇంటి మేడ మీద పెద్ద కిటికీ, దాని కింద మన బల్ల, మన ఇష్టం. సోమవారం బల్ల ముట్టాలనిపించకపోతే ముట్టేవాళ్ళం కాదు, అడిగే మగాడు లేడు. అమెరికా నుంచి చవక గడియారాలు వచ్చిపడ్డాక ఆ కిటికీలోంచి ఎండ తప్ప పని రావడం మానేసింది. నలభై ఒకటో ఏట జేబెజ్ ఆర్టన్ అనే నేను ఇంకొకడి తాళం కిందికి వెళ్ళాను.

అయ్యగారి ఆలోచన మంచిదే, కాదనను. అప్పటి సైకిలుకి ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు ఉండేది. దాని మీంచి ముందుకి బోర్లా పడితే మూతి పగలడం ఖాయం. చక్రాన్ని చిన్నది చేయాలి, వేగం మాత్రం తగ్గకూడదు. అంటే పెడల్ ఒక్క చుట్టు తిరిగితే చక్రం ఒకటిన్నర చుట్లు తిరగాలి. పక్క కంపెనీ వాళ్ళు రెండు వైపులా గొలుసులు వేసి ఆ పని చేశారు. మా అయ్యగారికి గొలుసంటే ఒళ్ళు మంట.

“గొలుసు కుక్కకి కడతారు. నాకు గడియారంలాంటి సైకిలు కావాలి, ఆర్టన్,” అన్నారు.

గడియారమన్నాక నేను పొంగిపోయాను. ముందు చక్రానికి అటొక సెట్టు, ఇటొక సెట్టు. కింద పెడల్‌కి ఒక పళ్ళ చక్రం, పైన ఇరుసుకి ఒకటి, దిక్కు మారిపోకుండా రెంటి నడుమా ఇంకొకటి. నాలుగు నెలలు కోశాను. బల్ల మీద బిగించి చేత్తో తిప్పితే చప్పుడు లేదు. అంత నునుపుగా మా నాన్న కూడా కోసి ఉండడు.

దాన్ని రోడ్డు మీద తొక్కి చూడాల్సినవాడు నా బావమరిది లూథర్ టాండీ. నా భార్య కెతూరాకి తమ్ముడు, ఇరవై నాలుగేళ్ళవాడు, మా ఇంట్లోనే ఉండేవాడు. పందేల్లో గెలిచిన కప్పులు మూడు మా ముందుగది అరలో ఉండేవి. కంపెనీలో కొత్త సైకిళ్ళన్నీ ముందు వాడి కాళ్ళ కిందికే వెళ్ళేవి. తొక్కి చూసే ముందు రోజు సాయంత్రం బఠాణీలూ మాంసం ఉండలూ తింటూ నన్ను పట్టుకున్నాడు.

“ఏం బావా, రేపు నీ బండెక్కితే టైమెంతయ్యిందో కూడా చెప్తుందా?”

“నీకు బుద్ధెప్పుడొస్తుందో చెప్తుందిలే, తిను.”

“సరే గానీ, మెరిడెన్ కొండ దిగేటప్పటి సంగతేంటి? మామూలుగా అక్కడ కాళ్ళు పెడళ్ళ మీంచి తీసేసి హ్యాండిల్ పైన పెట్టుకుంటాం. చక్రంతోపాటు పెడళ్ళు వాటి మానాన అవి తిరుగుతాయి. నీ దాని మీదా అంతేనా?”

“అంత ఖర్మ నీకెందుకు? కాళ్ళు తియ్యకు. వెనక్కి నొక్కిపట్టు, బండి నీ మాట వింటది. నా చక్రాలు ఆపుతాయి.”

“విన్నావా అక్కా, బావ చక్రాలంట! దేవుడి చక్రాలని చెప్పినట్టు చెప్తున్నాడు.”

“ఆయన అన్నాడంటే అంతేరా. నువ్వే తిన్నగా తొక్కి చావు,” అంది కెతూరా.

మర్నాడు తొమ్మిదింటికి గదిలోంచి చూస్తున్నాను. నా కిటికీకి ఇనప చువ్వలు. కింద పెరడు, గేటు, గేటు అవతల సందు. లూథర్ నా వైపు టోపీ ఊపి సైకిలెక్కాడు. పెరట్లో ఒక చుట్టు తిరిగి గేటు దాటాడు. అప్పుడు వినపడింది. టక్. కాసేపాగి మళ్ళీ టక్. చుట్టుకి రెండుసార్లు.

మర వదులైందేమో అనుకున్నాను. కానీ ముప్ఫై ఏళ్ళుగా చప్పుళ్ళతో కాపురం చేసినవాడి చెవి అది, అంత సులువుగా ఊరుకోదు. బల్ల మీద విడి సెట్టు ఒకటి ఉంది. పెడల్ వైపు చక్రాన్ని ఎప్పటిలా ముందుకి తిప్పాను, చప్పుడు లేదు. తర్వాత నాలుగు నెలల్లో ఏనాడూ చేయని పని చేశాను. ఇరుసు వైపు చక్రాన్ని బొటనవేలితో బిగబట్టి, పెడల్ వైపు దాన్ని వెనక్కి లాగాను. అది కదిలింది, ఎదురుగా ఉన్న పంటిని ఠక్కున కొట్టింది.

మళ్ళీ లాగాను. మళ్ళీ అదే ఠక్కు.

గడియారంలో బలం ఒక్క దిక్కు నుంచే వస్తుంది. స్ప్రింగు నెడుతుంది, చక్రాలు తిరుగుతాయి, ఏనాడూ ఎదురు తిరగవు. అందుకే మా పేటలో పంటి ముందు వైపు అద్దంలా నునుపు చేస్తాం, వెనక వైపు కొద్దిగా సందు వదులుతాం, దుమ్ము పడినా పట్టేయకుండా. ఆ సందు ఎంతుండాలో తెలిసినవాడే మాలో పనివాడు. ఆలోచించకుండానే చెయ్యి వదిలేస్తుంది. నా చెయ్యి ఇక్కడా వదిలేసింది.

మనిషి కాలు స్ప్రింగు కాదు. దిగేటప్పుడు చక్రాన్ని నెడుతుంది, లేచేటప్పుడు చక్రమే దాన్ని నెడుతుంది. ఆ మార్పు జరిగినప్పుడల్లా సందులో పన్ను అటూ ఇటూ కొట్టుకుంటుంది. చదును నేల మీద టక్‌మని పోతుంది. కొండ దిగుతూ మనిషి బరువంతా వేసి వెనక్కి నొక్కాడా, అది సమ్మెట దెబ్బ. ఆ సన్నటి పళ్ళు నాలుగు దెబ్బలకి కూడా ఆగవు. నొక్కమని చెప్పింది నేను.

మెరిడెన్ కొండకి ఆరు మైళ్ళు. లూథర్‌కి అరగంట పైన పడుతుంది.

తలుపు బాదాను. “తియ్యండి! లూథర్‌ని ఆపండి!” అని అరిచాను. బయట లేత్ యంత్రాలు తిరుగుతున్నాయి, వాటి తోలు పట్టాల చప్పుడులో మాట కలిసిపోయింది. బాదుడు మాత్రం వినపడింది. చేరిన కొత్తలో ఒకసారి కడుపు నొప్పొచ్చి ఇలాగే బాదితే, బయటివాళ్ళు దెబ్బలు లెక్కపెట్టి నవ్వుకున్నారు. అప్పటినుంచీ అందరికీ నేను ‘గడియారం’. ఇప్పుడూ మొదలుపెట్టారు.

“ఒకటీ! రెండూ! మూడూ!”

“కొట్టరా గడియారం, కొట్టు!”

“పన్నెండు దాటింది, ఇంటికి పోదాం పదండ్రోయ్!”

“ఒరేయ్, మనిషి చస్తాడురా!” అని తాళం కన్నంలోంచి అరిచాను.

“నువ్వు చావవులే, కీ ఇస్తే మళ్ళీ తిరుగుతావ్!”

వాళ్ళని తిట్టుకుని లాభం లేదు. వాళ్ళ దగ్గర తాళంచెవీ లేదు, తెరిచే అధికారమూ లేదు. తలుపు బయటికి తెరుచుకునేది, బందులు అటువైపున్నాయి. ఉలితో తాళం చుట్టూ చెక్క చెక్కడం మొదలుపెట్టాను. ఓక్ చెక్క, గోరంత కూడా ఊడలేదు. చేతులు నెత్తురయ్యాయి. కిటికీ దగ్గరికెళ్ళి అరిచాను. గేటు దగ్గరి కాపలావాడు పైకి చూసి, నవ్వి, చెయ్యి ఊపాడు.

అప్పుడు నా చూపు గోడ మీది బొమ్మ మీద పడింది. మూడు చక్రాలూ, కొలతలూ, అన్నీ ఉన్న బొమ్మ. అయ్యగారి గుట్టంతా ఆ కాగితమే. దాన్ని సందులోకి విసిరితే రెండు నిమిషాల్లో ఈ తలుపు తెరుచుకుంటుందని నాకు తెలుసు.

తెలిసీ వెంటనే విసరలేదు. ఇది ఒప్పుకోవడానికే ఈ కథంతా చెబుతున్నాను. కోర్టు గుర్తొచ్చింది, కెతూరా గుర్తొచ్చింది, ఇంటద్దె గుర్తొచ్చింది. లూథర్ నా మాట వినకుండా కాళ్ళు తీసేస్తాడేమో, వాడికి ఎవరి మాటా వినే అలవాటు లేదు కదా, అనుకున్నాను. అలా అనుకుంటూ ఆ గదిలో ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. గదిలో ఒక్క గడియారం కూడా లేదు.

చివరికి చించి, ఉండ చుట్టి, చువ్వల్లోంచి విసిరాను. కాపలావాడు విప్పి చూశాడు, పరిగెత్తాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు. తాళం తిరిగింది. మనిషి చస్తాడన్నా తెరుచుకోని తలుపు కాగితం ముక్కకి తెరుచుకుంది.

“ఎవడికి అమ్మావురా దీన్ని?” అన్నారు హాలోవెల్ గారు, స్ప్రోట్ నా మెడ పట్టుకుని ఉండగా.

“ఎవరికీ అమ్మలేదయ్యా. పళ్ళు విరుగుతాయి. మెరిడెన్ దిగకముందే వాణ్ణి ఆపాలి. తప్పు నాది.”

బల్ల మీది సెట్టుని వెనక్కి లాగి చూపించాను. ఆ ఠక్కు విని ఆయన ముఖం పాలిపోయింది. అది కాదనను, వెంటనే గుర్రబ్బండి కట్టమన్నారు. కానీ దారిలో నేను నోరెత్తినప్పుడల్లా, “మెల్లగా మాట్లాడు, బండివాడు వింటాడు,” అన్నారు.

కొండ కింద మలుపులో కంచె పక్కన జనం గుమిగూడి ఉన్నారు. ముందు చక్రం గట్టిగా పట్టేసింది. లూథర్ దాంతోపాటే పడ్డాడు. ఎడమ కాలు పెడల్‌కీ చక్రానికీ నడుమ ఇరుక్కుపోయి ఉంది. ఎవరు లాగినా అరుస్తున్నాడు. ఆ చక్రాలు విప్పడం తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. మోకాళ్ళ మీద కూర్చుని, వాడి నెత్తురులో జారిపోతున్న మరలు ఒక్కొక్కటే విప్పాను. నడుమ చక్రంలో విరిగిన పన్ను ఇరుక్కుని ఉంది. నేను కోసిన పన్నే. నా వెనక అయ్యగారు తన కోటు విప్పారు. లూథర్ మీద కప్పుతారనుకున్నాను. సైకిలు మీద కప్పారు.

ఆస్పత్రిలో వాడి కాలు మోకాలి కింద తీసేశారు.

అయ్యగారు నన్ను కోర్టుకి లాగలేదు. “జరిగింది ఈ గది దాటకూడదు, బొమ్మ సంగతి నేను మర్చిపోతాను,” అన్నారు. సోమవారం ఏడింటికి స్ప్రోట్ మళ్ళీ తాళం తిప్పాడు. ఒప్పందం ఇంకా ఏడాదిన్నర ఉంది. ఈసారి సందు లేకుండా కోస్తున్నాను.

బయటివాళ్ళకి చెప్పకపోతే పోయె, లూథర్‌కి చెప్పకుండా ఎలా? మూడు వారాలు నమిలి మింగాను. వాడు మా ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, కెతూరా వంటింట్లో ఉండగా, తలుపు దగ్గరగా వేసి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“లూథర్, నీకో మాట చెప్పాలి.”

“నేనూ చెప్పాలి బావా. నిన్న స్ప్రోట్ వచ్చాడు, నువ్వు పనిలో ఉన్నప్పుడు. గేటు ఉద్యోగం నాకేనట. బతికినంతకాలం. గేటు పక్క గది కూడా ఇస్తారట, పొయ్యి ఉందట అందులో.” వాడు దుప్పటి సర్దుకున్నాడు. “కాగితం మీద సంతకం పెట్టా.”

“ఏం కాగితం?”

“నా కాలు జారిందని. అజాగ్రత్తగా తొక్కానని. బండిలో ఏ లోపమూ లేదని.”

“ఒరేయ్, అది కాదురా జరిగింది. నేను ఆ పళ్ళు...”

“బావా.”

“వెనక వైపు నేను...”

“బావా, ఆగు.” వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. కాలు పోయినా చేతిలో బలం పోలేదు. “గేటు దాటినప్పట్నుంచీ టక్‌టక్ మంటానే ఉంది. నా కాళ్ళకి తెలీదా? నువ్వు చెప్పకు. చెప్తే నేను విన్నట్టవుద్ది. విన్నాక ఆ కాగితం అబద్ధమవుద్ది, నాకు అబద్ధం మొయ్యడం రాదు. ఎక్కడో బీరు తాగి వాగేస్తా. అప్పుడు గేటూ పోద్ది, గదీ పోద్ది. ఒంటికాలోణ్ణి ఇంకెవడు పెట్టుకుంటాడు?”

“మరి నేనేం కావాలిరా?”

“ఏమో బావా. అది నేను చూసుకోలేను.”

నాకు ఏడుపొచ్చింది. నేను పెట్టుకున్న ఒక్క ఆశ అదే. చెప్పేస్తాను, వాడు తిడతాడు, అరలో పందెం కప్పు తీసి నా ముఖాన కొడతాడు, అక్కడితో కాస్త ఊపిరాడుతుంది అనుకున్నాను. వాడు తిట్టడానికి కూడా వీల్లేదు.

కెతూరా టీ పట్టుకొచ్చింది. మా ఇద్దరి ముఖాలూ చూసింది.

“మళ్ళీ ఆ బండి సంగతేనా? నీకెన్నిసార్లు చెప్పాన్రా, తిన్నగా తొక్కమని? ఎవరి మాటైనా విన్నావా? నీ కాలూ పోగొట్టుకున్నావు, ఈయన నాలుగు నెలలు కళ్ళు కాయలు కాసేలా కోసినవన్నీ మట్టిపాలు చేశావు. ఈయన రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, తెలుసా నీకు?”

“అవునక్కా,” అన్నాడు లూథర్, నా వైపు చూడకుండా. “తప్పంతా నాదే.”

ఆవిడ నన్ను చూసి జాలిపడి, నా కప్పులో ఇంకో చెంచాడు చక్కెర వేసి కలిపింది.