భుజం మీది వేలు

బండిని స్టాండు మీద నిలిపి, గేరు న్యూట్రల్లో పెట్టి, బసవయ్య వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాడు. అఫ్జల్‌గంజ్ వెనక గల్లీలో రేకుల షెడ్డు అతనిది. అరవైకి దగ్గరపడిన మనిషి, గోళ్ల సందుల్లో ఏ సబ్బుకూ లొంగని నలుపు. వెనకాల పీట మీద భార్య ఆండాలు కూర్చుని ఉంది. ఆమె కుడి చెయ్యి అతని భుజం మీద ఉంది.

చూసినవాళ్లు ముసలితనంలో సరసమని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు బసవయ్య. చప్పుడు విని బండి జబ్బు చెప్తాడని పేరుమోసిన చెవి అతనిది. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడే అది మొరాయించింది. మాటలు వినపడుతున్నాయి గాని సన్నటి చప్పుళ్లు పోయాయి. సంగతి పొక్కితే చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి ఎవరొస్తారు? అందుకే రెండేళ్లుగా ఆండాలే అతని చెవి. చైను టక్కుమన్నప్పుడల్లా ఆమె వేలితో నొక్కుతుంది. అప్పుడు పళ్లచక్రం ఎక్కుతున్న లింకు మీద అతను సుద్దముక్కతో గీత పెడతాడు.

ఆ పొద్దున ఆమె, ఛాతీ పట్టేసినట్టుంది, ఇంట్లో పడుకుంటానంది. కానీ కంచన్‌బాగ్‌లో కొలువు చేసే ఈశ్వరయ్య బండి తెస్తానన్నాడు. ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసిన బండి, ఇప్పుడు స్టాండు మీదున్నది అదే.

"ఇయ్యాల ఒక్కదినం రావే. సోడా తాగితే తగ్గుతది," అని బతిమాలాడు. వచ్చింది.

వేలు నొక్కింది. గీత పెట్టాడు. చైను ఒక చుట్టు తిరిగొచ్చి అదే లింకు దగ్గర మళ్లీ నొక్కింది. ఆ లింకు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, పళ్ల మీద సరిగా మడతపడటం లేదు. కిరసనాయిలు పోసి, పట్టకారుతో అటూ ఇటూ ఆడించి తిప్పాడు. ఈసారి వేలు మెల్లగా నొక్కింది. తగ్గుతోందని సంబరపడి ఇంకాస్త ఆడించాడు. మళ్లీ తిప్పితే గీత ఉన్న లింకు మూడుసార్లు వచ్చిపోయింది. వేలు కదల్లేదు.

బసవయ్యకు కడుపు నిండినట్టయింది. ఇద్దరం కలిసి ఇంకో పదేళ్లు ఇట్లాగే లాగేయొచ్చు అనుకున్నాడు.

"పోయింది ఈశ్వరయ్యా, తీస్కపో."

ఈశ్వరయ్య వంగి తనే చక్రం తిప్పి చూశాడు. "ఏడ పోయిందన్నా? టక్ టక్ అంటనే ఉన్నది గదా."

ధ్యాస ఎటు పెట్టావని మందలించబోయి బసవయ్య వెనక్కి తిరిగాడు. భుజం మీది చెయ్యి జారి ఆమె ఒళ్లో పడింది. తల రేకుకు ఆనించి, కునుకు తీస్తున్నట్టే ఉంది ఆండాలు. పిలిచాడు, కుదిపాడు. ఆమె గుండె మీద చెవి ఆనించాడు. ఆ చెవికి ఏం తెలుస్తుంది?

"జర నువ్వు విను ఈశ్వరయ్యా," అన్నాడు.

ఈశ్వరయ్య చాలాసేపు విన్నాడు. లేచి నిలబడి తలగుడ్డ విప్పాడు.

రమ్మని బతిమాలింది తానే కదా అని బసవయ్య దినాలయ్యేదాకా ఏడ్చాడు. ఆ తర్వాత షెడ్డు తెరవలేదు, ఓ గోదాము కాపలాకు కుదిరాడు. ఇంట్లో ఆనాటి ఖాకీ చొక్కా ఇంకా కొయ్యకు వేలాడుతోంది. దాన్ని అతను ఉతకలేదు. దాని భుజం మీద, ఆ రోజు అన్నంలో తొక్కు కలిపి పెట్టిన ఆండాలు చేతి నూనె మరక, వేలి మొనంత.