నాలుగు వేళ్ళ సందు

రెండడుగులతో భూమినీ ఆకాశాన్నీ కొలిచి, మూడో అడుగుకు ఒకని శిరస్సు కోరిన త్రివిక్రమా! కొలత విలువ నీకంటె ఎరిగినవాడు లేడు. చేతివేళ్ళతో కొలిచి బతికిన ఒక అల్పుని కథ చెప్పబోతున్నాను. నా మాట ఉన్నదానికి మించకుండా, ఉన్నదాన్ని దాచకుండా కాపాడు.

విమానం తలుపు కింది అంచుకూ నిచ్చెనబండి పైపలకకూ నడుమ అతడు కుడిచేతి నాలుగు వేళ్ళను అడ్డంగా నిలిపాడు. చూపుడువేలు తలుపును తాకింది, చిటికెనవేలు పలకను తాకింది. సరిపోయింది. చెయ్యి తీసి, కిందికి చూసి తల ఊపాడు. తెల్లవారి వచ్చిన మొదటి విమానం ప్రయాణికులు నిద్రమొహాలతో దిగసాగారు. వారిలో ఒక్కరూ అతనివంక చూడలేదు. అతడూ వారివంక చూడలేదు. అతని చూపంతా ఆ సందుమీదే.

మనుషులు, పెట్టెలు, ఇంధనం చేరేకొద్దీ విమానం చక్రాలమీద కుంగుతుంది. తెరిచి ఉన్న తలుపు కూడా దానితోపాటు దిగివస్తుంది. సందు చాలకపోతే తలుపు పలకమీద కూర్చుంటుంది, కీలు విరుగుతుంది, విమానం కదలదు. అంతా నిండేసరికి మూడు వేళ్ళు పోయి ఒక వేలు మిగలాలి. ఆ మిగిలే ఒక్క వేలే ఇరవయ్యారేళ్ళుగా అతని ఉద్యోగం. అతని అసలు పేరు జీతం కాగితంలో తప్ప మరెక్కడా లేదు. అందరికీ అతడు నాలుగువేళ్ళాయన.

పొట్టి మనిషి. నిచ్చెన నెట్టి నెట్టి కుడిభుజం ఎడమదానికంటె కిందికి జారింది. ఎడమచేతికి సంస్థ ఇచ్చిన తోలు తొడుగు ఎప్పుడూ ఉంటుంది. కుడిచేతికి ఏనాడూ లేదు. తొడుక్కోమన్న ప్రతి అధికారికీ ఒకటే సమాధానం చెప్పాడు: "తోలుకేం తెలుస్తుందండీ? చర్మానికి తెలుస్తుంది." కొందరు నవ్వారు, కొందరు పుస్తకంలో రాసుకున్నారు. ఇప్పుడు రాసుకునేవాడు అతని భార్య తమ్ముడే.

పందొమ్మిదేళ్ళ కిందట ఆ బావమరిదిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇదే నిచ్చెన దగ్గర నిలబెట్టింది అతడే. కాస్త చదువు, కాస్త మాటకారితనం ఉన్నవాడు గనుక మెట్టు మెట్టుగా ఎక్కి షిఫ్టు ఇన్‌చార్జి అయ్యాడు. ఆనాటినుంచి ఇంట్లో "బావా" అనే నోరు పనిచోట "పెద్దాయనా" అనడం మొదలుపెట్టింది. అతడు మాత్రం ఎంతమంది ముందైనా "ఒరేయ్" అనడం మానలేదు. ఆ ఒక్క పిలుపు దగ్గర ఇద్దరి మధ్యా రెండేళ్ళుగా నిప్పు రాజుకుంటోంది.

ఎదురుగా కొత్త టెర్మినల్ నిలబడి ఉంది. మూడేళ్ళుగా అది అతని కళ్ళముందే బలిసింది. ముందు ఆకుపచ్చ రేకుల కంచె వచ్చి గడ్డినేలను మింగింది. తరువాత ఇనుపస్తంభాలు లేచాయి. ఆపైన అద్దాలు వచ్చి, ఉదయపు ఎండనంతా పట్టి పనివాళ్ళ కళ్ళలోకే తిప్పికొట్టాయి. దాని పక్కటెముకలనుంచి ఆరు గాజు నడవలు విమానాల దగ్గరికి చాచుకుని ఉన్నాయి. ప్రయాణికుడు ఇక ఎండా వానా తగలకుండా, నేలమీద కాలు పెట్టకుండా విమానంలోకి నడిచిపోతాడు. పనివాళ్ళు వాటిని తొండాలంటారు. రేపటినుంచి తొండాలు పనిచేస్తాయి. ఆరు నిచ్చెనబండ్లలో ఒకటి మాత్రం అత్యవసరానికి ఉంచుతారు. దానితోపాటు ఇద్దరు మనుషుల్ని. ఆ ఇద్దరి పేర్లు ఈరోజు అంటిస్తారు.

ఆ వేకువన ఇంటినుంచి బయలుదేరుతూంటే భార్య గుమ్మంలో అడ్డం నిలబడింది.

"మా తమ్ముణ్ణి ఒక్క మాట అడగరాదూ? అడిగితే నాలుక అరిగిపోతుందా?"

"నాలుక అరగదే. మిగతాదంతా అరుగుతుంది."

"ఏముంది మిగతాది, అరగడానికి?" అని ఆమె అన్నం డబ్బా చేతిలో పెట్టి తలుపు వేసుకుంది.

మొదటి విమానం వెళ్ళిపోయాక అతడు టీ తాగడానికి గేటువైపు నడిచాడు. కాపలాదారు నోరు ఊరుకోదు.

"ఏమయ్యా నాలుగువేళ్ళాయనా, ఏనుగులు దిగాయిగా! ఇక నీ నిచ్చెన ఇంటికి తోలుకుపో. అటకెక్కడానికి పనికొస్తుంది."

"ముందు నీ గేటు పీక్కుపోరా. ఇక్కడ గోడ కడుతున్నారట. రేపు గోడకి సలాం కొడతావా?"

కాపలాదారు నవ్వాడు గాని నవ్వు సగంలోనే ఆగింది. అతని చూపు పోయినచోటికి ఇతడూ చూశాడు. విశ్రాంతి గది అద్దంమీద తెల్లకాగితం. దగ్గరికి పోయి చదివాడు. రెండు పేర్లు. రెండూ ఇతరులవి. కింద చిన్న అక్షరాలలో, మిగిలినవారు మధ్యాహ్నానికి బీరువాలు ఖాళీ చేయాలని. అతని పేరు ఎందుకు లేదో పక్కన బల్లమీద తెరిచి ఉన్న పుస్తకం చెప్పింది: రక్షణ తొడుగు ధరించడు, పదకొండు హెచ్చరికలు. అడుగున బావమరిది సంతకం, తోక పొడుగ్గా లాగి.

బావమరిది ఆ గది గుమ్మంలోనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, రెండు చేతులకూ కొత్త తొడుగులు.

"పెద్దాయనా, చూశావుగా. నా చేతిలో ఏం లేదు."

"నీ చేతిలో కలముంది కదరా."

"ఒరేయ్ గిరేయ్ అనకు. పైనుంచి అధికారులొస్తున్నారు. పాత టెర్మినల్‌నుంచి ఇప్పుడొచ్చేదే ఆఖరి విమానం. ఫొటోలు తీస్తారు. నువ్వు నిచ్చెన దగ్గరికి రావద్దు. నేనే పెట్టిస్తా."

అతడు పోయి కొంచెం దూరంలో, నీడలేని చోట నిలబడ్డాడు.

ఆఖరి విమానం వచ్చింది. దిగేవారు దిగారు. ఎక్కేవారికోసం బావమరిది నిచ్చెన ఎత్తు కొత్తగా సరిచేయించాడు. కొత్త పద్ధతిలో వేళ్ళతో పని లేదు. నిచ్చెన కమ్మీమీద పసుపు రంగు గీతలు వేశారు. విమానం రకాన్నిబట్టి ఫలానా గీతదాకా ఎత్తితే చాలు. గీత సరిగానే ఉంది. నేలే సరిగా లేదు. కొత్త టెర్మినల్‌కు తీగలు వేయడానికి పోయిన వారం అక్కడ కందకం తవ్వి, పూడ్చి, పైన తారు పోశారు. ఆ తారు మెత్త పాత నేలకంటె రెండు వేళ్ళు ఎత్తు. నిచ్చెన కాళ్ళు దానిమీద ఉన్నాయి; విమానం చక్రాలు పాత కాంక్రీటుమీద ఉన్నాయి. గీతకు ఆ సంగతి తెలియదు. దూరంనుంచి ఆ తారు ముద్దను చూసినవాడికి తెలిసింది.

జనం ఎక్కుతున్నారు. పెట్టెలు లోపలికి పోతున్నాయి. ఇంధనపు గొట్టం బిగుసుకుని ఉంది. అతడు నడిచి వచ్చాడు. మెట్లెక్కేవారిని తోసుకుంటూ పైకి పోయాడు. వేళ్ళు పెట్టి చూశాడు. అప్పటికే సందులో ఒక్క వేలే పట్టింది. ఇంకా సగంమంది ప్రయాణికులు కిందనే ఉన్నారు.

"ఒరేయ్, జనాన్ని ఆపు! పలక దించు!"

కింద ఫొటోలు తీసేవారు కెమెరాలు దించారు. బావమరిది మొహం నల్లబడింది.

"గీత చూసే పెట్టాను. దిగు పెద్దాయనా. పరువు తియ్యకు."

"గీత నీ నెత్తిన పెట్టుకో. కింద తారు చూడు."

"నిన్ను రావద్దన్నానా లేదా? నీ పేరు లేదిక్కడ!"

ఒక ప్రయాణికుడు, "తాగొచ్చాడేమో, లాగెయ్యండి వీణ్ణి" అన్నాడు. నాలుగువేళ్ళాయన మెట్టుకు అడ్డంగా కాళ్ళు చాపి కూర్చున్నాడు. కుడిచెయ్యి మాత్రం సందులోనుంచి తియ్యలేదు. ఇంధనం నిండుతూనే ఉంది. విమానం, నీళ్ళలో దిగుతున్న గేదెలా, తెలిసీ తెలియకుండా కుంగింది. తలుపు అంచు అతని చూపుడువేలి కణుపుమీద ఆనింది. ఆ తరువాత బరువు మోపింది.

అతడు అరవలేదు. గొంతు తగ్గించి, కిందనున్నవానికి మాత్రమే వినబడేలా అన్నాడు: "పిడి తిప్పుతావా, విమానాన్ని నా వేలిమీద కూర్చోబెడతావా? నువ్వే చెప్పు."

బావమరిది ఒక్క క్షణం కదలలేదు. ఆ క్షణంలో రెండేళ్ళ పగ అంతా ఉంది. తరువాత వంగి, నిచ్చెన పంపు పిడి తిప్పాడు. నూనె బుసకొట్టింది, పలక కిందికి దిగింది. తలుపు గాలిలో స్వేచ్ఛగా నిలిచింది. నాలుగువేళ్ళాయన నెత్తుటి వేలితోపాటు మిగతా మూడు వేళ్ళనూ సందులో నిలిపి కొలిచాడు. అప్పటి బరువుకు కావలసింది రెండే. మిగతా రెండూ ఎక్కువే. ఎక్కువైతే నష్టం లేదు. లేచి దారి ఇచ్చాడు.

విమానం నాలుగు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. అధికారి వచ్చి కారణం అడిగాడు. బావమరిది నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"జాబితాలో లేని మనిషి అడ్డం వచ్చాడండీ. గ్లవ్ కూడా లేదు. ఉంటే వేలికి దెబ్బ తగిలేది కాదు."

అధికారి రాసుకున్నాడు. పన్నెండో హెచ్చరిక. పక్కనే నిలబడి విన్న నాలుగువేళ్ళాయన నవ్వాడు. ఆ నవ్వులో క్షమ లేదు.

"అవున్రా. తలుపుకి కూడా ఒక గ్లవ్ తొడిగి ఉంటే పోయేది" అని నిచ్చెనబండి దగ్గరికి పోయి, దాని అడుగుమెట్టుమీద కూర్చున్నాడు. అన్నం డబ్బా మూత తీశాడు. రెండు ముద్దలు ఎడమచేత్తో తినబోయి, అలవాటు లేక, ఆగాడు. ఎడమచేత్తో ఎదురొమ్ము నొక్కుకుని తల కమ్మీకి ఆనించాడు. కొత్త అద్దాలు తిప్పికొట్టిన ఎండ అతని మొహంమీద పడుతూనే ఉంది. కళ్ళు మూసుకోలేదు.

గంట తరువాత తుక్కుబండి వచ్చింది. ముందు ఆ నిచ్చెననే ఎక్కించాలన్నారు.

"పెద్దాయనా, లే. బండొచ్చింది" అన్నాడు బావమరిది దూరంనుంచే. జవాబు లేదు. "చాల్లే పంతం, లే." దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. ఆ భుజం ఇంకా కొంచెం కిందికి జారింది. అన్నం డబ్బా దొర్లి, మూత చాలాసేపు గిరగిరా తిరిగి ఆగింది.

"బావా" అన్నాడతడు. ఇన్‌చార్జి అయ్యాక ఆ నేలమీద ఆ మాట అనడం అదే మొదలు. చుట్టూ నిలబడ్డవారందరూ విన్నారు, వినవలసినవాడు వినలేదు.

సామాను అతని భార్యకు ఇవ్వడానికి బీరువా తెరవవలసివచ్చింది. తాళం విరగగొట్టారు. లోపల ఒక తువ్వాలు, ఒక దువ్వెన ఉన్నాయి. వెనుక, పొరలు పొరలుగా, దారంతో కట్టిన తోలు తొడుగులు. ఏటా రెండు జతల చొప్పున సంస్థ ఇచ్చినవి. ఎడమచేతిది ఒక్కటీ లేదు, అన్నీ అరిగి పోయాయి. ఉన్నవన్నీ కుడిచేతివే, యాభై దాకా. బావమరిది తన కుడిచేతి తొడుగు విప్పి జేబులో కుక్కుకుని, ఒట్టిచేత్తో వాటిని ఒక్కొక్కటే బయటికి తీశాడు.

ఈ కథ విన్న మీరందరూ చల్లగా ఉందురు గాక. మీరు ఎక్కే ప్రతి మెట్టుకూ మీరెరుగని ఒక చెయ్యి కాపుండు గాక. మీకోసం కొలిచినవానిని, అతడు ఉండగానే, మీ నోరు వరుసపెట్టి పిలుచు గాక. ఆ తొడుగులు మాత్రం ఆ మధ్యాహ్నమంతా విశ్రాంతి గది బల్లమీద పడి ఉన్నాయి. కుట్టినవాడు ఎలా కుట్టాడో అలాగే, ఒకదానికొకటి అతుక్కుని, నాలుగేసి వేళ్ళూ ఇంకా విడివడకుండా.