నూట అరవై ఐదు దాటితే

నాడి చూడటానికి మూడు వేళ్ళు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. బొటనవేలు మాత్రం పెట్టకూడదు. దానికి సొంత నాడి ఉంటుంది, రోగి నాడి అనుకుని మన నాడే లెక్కపెట్టేస్తాం. ముప్పై రెండేళ్ళు సర్కారు దవాఖానలో నర్సుగా చేశాను, కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ మొదటి రోజు ఈ మాటే చెప్పాను. అలాంటి నా దగ్గరికి మా అమ్మాయి యశస్విని వచ్చి, చేతికున్న వాచ్ చూపించి, "ఇది గుండె ఎంత కొడుతుందో చూపిస్తదమ్మా" అంటే ఒళ్ళు మండింది.

మండటానికి ఇంకో కారణం ఉంది. కిందటేడు వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ గుండె కండరానికి వాపు వదిలిపెట్టి పోయింది. మాదాపూర్‌లో తన ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయింది. ముప్పై నాలుగేళ్ళ పిల్ల. పదకొండు రోజులు దాని మంచం పక్కన కూర్చుని మానిటర్ మీద పచ్చ గీతను చూశాను. ఎంతమంది మంచాల పక్కన నిలబడ్డానో లెక్క లేదు గానీ, ఆ గీత అంటే భయం వేసింది అప్పుడే.

తొమ్మిది నెలల తర్వాత డాక్టరు పరీక్షలన్నీ మళ్ళీ చేసి, గుండె బాగైంది, పరుగెత్తొచ్చు, కానీ నిమిషానికి నూట అరవై ఐదు దాటనివ్వొద్దు అన్నాడు. "పరుగెత్తొచ్చు" అన్న మాట దగ్గరే మా పిల్ల చెవులు మూసుకుంది. ట్రయథ్లాన్ అట. కిలోమీటరున్నర ఈత, నలభై కిలోమీటర్ల సైకిలు, ఆ మీదట పది కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపి నాలుగు గంటల్లో ముగించకపోతే లెక్కలోకి రాదు. పడిపోక ముందు పేరిచ్చి, మంచం మీద నుంచి రద్దు చేసుకున్న పోటీ అది.

నెల రోజులు దానితో మాట్లాడలేదు. ఆఖరికి అదే కొండాపూర్ నుంచి చందానగర్‌లో మా ఇంటికొచ్చి, నా ముందు ఫోన్ పెట్టింది.

"వాచ్ల సిమ్ ఉంది. నేను ఉరుకుతున్నప్పుడు నా గుండె లెక్క నీకు ఈ ఫోన్ల కనిపిస్తది. నూట అరవై ఐదు దాటితే నువ్వొచ్చి ఆపు. ఒక్క మాట అనను. మళ్ళ జిందగీల దీని పేరెత్తను."

ఒప్పుకున్నాను. దాని మీద నమ్మకంతో కాదు, ఆపే హక్కు నా చేతికొచ్చిందని. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ అంకె ఒక్కసారి దాటితే బాగుండు, ఈ పీడ వదిలిపోతుంది అని కూడా అనుకున్నాను.

డిసెంబరులో ఆదివారం, పొద్దున్నే ఆరింటికి గచ్చిబౌలిలో ఈతతో మొదలైంది. పరుగు మాత్రం ఆఫీసుల మధ్య రోడ్డు మీద, రెండున్నర కిలోమీటర్ల చుట్టు, నాలుగు సార్లు. చుట్టు తిరిగే చోటే ముగింపు గేటు, దాని మీద పెద్ద గడియారం. నేనూ మా అల్లుడు మధుకర్ అక్కడ నిలబడ్డాం. ఈతలో, సైకిల్ మీద అంకె నూట యాభై దగ్గరే ఉంది. ఎనిమిదీ నలభైకి పరుగు మొదలుపెట్టింది. రెండు నిమిషాలు కాలేదు, మధుకర్ గొంతు మారింది.

"అత్తమ్మా, నూట డెబ్బై ఆరు."

ఫోన్ లాక్కున్నాను. కాసేపు నూట నలభైకి దిగింది, మళ్ళీ నూట డెబ్బై ఆరు. మా పిల్ల కూడా వాచ్ చూసుకుని నడుస్తూ, మళ్ళీ పరుగెత్తుతూ వస్తోందన్నమాట. అల్లుడు నుదురు తుడుచుకున్నాడు. "ఆపుదాం అత్తమ్మా. నాకు పరేషాన్ అయితుంది."

తొమ్మిదింటికి రావలసిన మనిషి తొమ్మిదీ ఐదుకు వచ్చింది. బస్సు ఆపినట్టు చెయ్యెత్తి రోడ్డుకు అడ్డం నిలబడ్డాను. దాని ముఖం చూస్తే ఏడుపు ఆపుకుంటోందని తెలిసింది.

"దాటిందమ్మా, నాకు తెలుసు. గుండె లెక్క వాచ్‌కు పంపే ఛాతీ పట్టీ జారుతుందని సైకిల్ దిగినంక తీసి పడేసిన. అప్పటి సంది వాచ్ గిట్లనే చూపిస్తుంది. నాకేమో మంచిగనే ఉంది."

"మాట్లాడకు. చెయ్యియ్యి."

ఆగి నిలబడితే నాడి గబగబా దిగిపోతుంది, మొదటి పావు నిమిషమే నిజం. మూడు వేళ్ళు పెట్టి, ఎడమచేతి పాత హెచ్ఎంటీ గడియారం మీద చూపు నిలిపాను. ముప్పై ఆరు. నాలుగుతో గుణిస్తే నూట నలభై నాలుగు. ఎక్కడా తడబాటు లేదు. అంత శుభ్రమైన నాడి.

దాని కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. నూట డెబ్బై ఆరే అని ఒక్క మాట అంటే అయిపోతుంది. వాచ్ సాక్షి, అల్లుడు సాక్షి. రేపటి నుంచి నేను నిశ్చింతగా అన్నం తింటాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చూడని అంకె నేనెప్పుడూ ఏ రోగి చార్టు మీదా రాయలేదు. సొంత బిడ్డతో మొదలుపెట్టడానికి నోరు రాలేదు.

"నూట నలభై నాలుగు," అన్నాను. "ఆ డబ్బా అబద్ధం చెప్తుంది. నువ్వు పో."

అది ఒక్క క్షణం నన్ను చూసి, వాచ్ విప్పేసి నా కుడిచేతికి చుట్టేసింది. "ప్రతి చుట్టుకు చెయ్యిస్త, నువ్వే చూడు" అంటూనే ఉరికింది.

రెండో చుట్టు ముగించి తొమ్మిదీ ఇరవై నాలుగుకు వస్తుంటే, ఎదురుగా టపటపమని దాని అడుగులు వినిపించాయి. చేతులూరుకోవు కదా, వాటినీ లెక్కపెట్టాను. పావు నిమిషానికి నలభై నాలుగు. నాలుగుతో గుణించి అక్కడే నవ్వాను. నూట డెబ్బై ఆరు. ఆ తెలివైన వాచ్ ఇంతసేపూ మా పిల్ల గుండెను కాదు, బూట్లను లెక్కపెట్టింది. చెయ్యి చూస్తే నూట నలభై ఎనిమిది. "పో" అన్నాను.

మూడో చుట్టు ముగిసేసరికి తొమ్మిదీ నలభై మూడు. మిగిలింది పదిహేడు నిమిషాలు. అప్పటిదాకా అది పదిహేడు నిమిషాల్లో ఏ చుట్టూ తిరగలేదు. అయినా మాట ప్రకారం దగ్గరకొచ్చి ఆగబోతూ చెయ్యి చాపింది. నాడి చూడటానికి, మళ్ళీ వేగం అందుకోవడానికి అర నిమిషం పోతుంది.

పెదవులు చూశాను, ఎర్రగా ఉన్నాయి. అడుగు చూశాను, తూలడం లేదు.

"చూడవా? చెయ్యి పట్టుకోవేందమ్మా?" అంది. మాట ఎక్కడా తెగకుండా వచ్చింది. నాకు అది చాలు.

"ఆగకు. ఉరుకు."

ఉరికింది. నా చేతులు ఖాళీగా ఉండిపోయాయి. ఆ చుట్టంతా దాని గుండె ఎంత కొడుతోందో నాకు తెలియదు, ఏ ఫోనూ చెప్పదు. పచ్చ గీత ఒక్కటే కళ్ళ ముందు ఆడింది. పంపింది నేనే, పట్టుకోనిది నేనే. ఇంత భయం ఆ పదకొండు రోజుల్లో కూడా పడలేదు.

గేటు మీద గడియారం మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు చూపిస్తుండగా మలుపులో కనిపించింది. ఈసారి నడక లేదు, చూపు పక్కకు తిప్పడం లేదు. మూడు గంటల యాభై తొమ్మిది నిమిషాల ముప్పై ఒక్క సెకన్లకు గేటు దాటి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి మణికట్టు పట్టుకున్నాను. దడదడమని కొడుతోంది, ఎంతకీ లెక్కకు అందడం లేదు.

యశస్విని తలెత్తి నా చేతి వంక చూసింది. రొప్పుతూనే నవ్వింది.

"అమ్మా, బొటనవేలు పెట్టినవ్."

తర్వాత నా కుడిచెయ్యి తిప్పి, అక్కడున్న తన వాచ్ వెలుతురుకు పెట్టి చదివింది.

"నూట ముప్పై ఎనిమిది. గది నీ నాడి. కూసో జర."