మగ్దలీనమ్మ మింగిన మాటలు

పొద్దు వాలే వేళకు మగ్దలీనమ్మ దొర బంగళా నుంచి ఇంటికొచ్చేది. వచ్చీ రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా పెరట్లోకి పోయి, జలదారి పక్కన నిలబడి ఒడి దులిపేది. గలగలమని పలకముక్కలు రాలేవి. కొన్ని గోరంత, కొన్ని అరచెయ్యంత.

"ఈ పొద్దెన్ని మింగినావే?" అని పొయ్యికాడ నుంచే అడిగేది తల్లి రోశమ్మ.

"పదిహేనో పదహారో ఉంటాయిలే."

"నిన్నటికంటే తక్కువే. రా, సంగటి తిందువు."

అంతే, ఆ ఇంట్లో దాని గురించి అంతకు మించి మాట లేదు. అనాలనుకొని అనకుండా మింగిన మాట ఎక్కడికో ఒకచోటికి పోవాలి గదా! మగ్దలీనమ్మది పలకై ఒళ్లో పడేది. తండ్రి సత్యానందం పలకల గనిలో మేస్త్రీ. రాళ్లోళ్ల ఇంట్లో రాళ్లు రాలక మల్లెపూలు రాలతాయా అని వీధిలో అందరూ సరిపెట్టుకున్నారు. పెద్ద ముక్కల్ని రోశమ్మ కుండల మీద మూతలకు వాడుకునేది. మిగతావి కుప్ప. ఆరేళ్లకు ఆ కుప్ప నడుమెత్తయింది. అంట్లు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు దాని అడుగు నుంచే పారేవి.

ఆ మింగినవి తెలుగు మాటలు అనుకునేరు, కాదు. తెలుగులో మగ్దలీనమ్మ నోటికి మూతే లేదు. చింతపండు బేరమాడితే అమ్మేవాళ్లు దండం పెట్టి తప్పుకునేవాళ్లు. ఒళ్లో రాలేవన్నీ వేల్సు మాటలు.

అప్పట్లో మార్కాపురం కర్నూలు జిల్లా కింద, కర్నూలు మద్రాసు కింద. గని నడిపే ఈవాన్ దొరది ఇంగ్లండు కాదు, దాని పక్కనుండే వేల్సు. అదీ పలకరాతి సీమేనట. అక్కడి నుంచి ముసలితల్లిని తెచ్చి బంగళాలో పెట్టుకున్నాడు. ఆ పెద్దదొరసానికి వేల్సు మాట తప్ప మరొకటి రాదు. ఇంగ్లీషు పది ముక్కలు ఉండేవట గానీ వయసు మీదపడి అవీ జారిపోయినాయి. కొడుకేమో రంగూను, మద్రాసు తిరిగి తిరిగి ఇంటిభాష అలవాటు తప్పినాడు. తల్లి ఏమడిగినా ఇంగ్లీషులోనే బదులిచ్చేవాడు. మిషను బడిలో చదివిన పిల్ల కదా అని మగ్దలీనమ్మను పదిహేడో ఏట ఆమెకు తోడు పెట్టినాడు.

ఆ పిల్ల కూడా ఊరుకున్నది కాదు. ముసలామె వేల్సు బైబిలు ఒక మోకాలి మీద, తన తెలుగు బైబిలు ఇంకో మోకాలి మీద పెట్టుకొని వచనానికి వచనం కలిపి చదివింది. రెండేళ్లకు బైబిలు అయిపోయింది. మూడో ఏడు, ఆ ఊరి నుంచి వచ్చే జాబులు గడగడా చదివి వినిపించింది. నాలుగో ఏటికి ముసలామె నిద్రలో కలవరించినా అర్థమయ్యేది. ఇంక మిగిలిందేంది? మాట్లాడటమే. అదే రాలేదు.

పెద్దదొరసాని ఏదో అడిగేది. బదులు ఈమెకు తెలుసు. కానీ ఏ మాట ముందు, ఏ మాట వెనక అని లోపల్నే మూడుసార్లు కడిగి తుడిచేది. అది తయారయ్యేసరికి ముసలామె వేరే సంగతిలోకి పోయుండేది. టక్కున ఒళ్లో ముక్క. ఈమె తల ఊపేది. ఆరేళ్ల చదువు చదివింది గంగిరెద్దులాగ తల ఊపడానికా అంటే ఏం చెబుతాం!

మొదటిరోజు కథ ఇంకా సిగ్గుచేటు. పేరేందని ముసలామె అడిగితే చెప్పమని దొరే ఒక ముక్క నేర్పిచ్చినాడు. దారి పొడుగునా దాన్నే వల్లెవేసుకుంటా పోయింది. తీరా ఆమె అడిగితే మింగేసింది. కాసేపు చూసి చూసి ముసలామె, చచ్చిపోయిన తన చెల్లెలి పేరు పెట్టుకుంది. ఆనాటి నుంచి ఆరేళ్లూ మగ్దలీనమ్మ ఆ బంగళాలో నెస్తా.

ఆ యేడు ఎండాకాలంలో పెద్దదొరసాని మాట్లాడటం మానేసింది. గోడతో ఎంతకని మాట్లాడతారు ఎవరైనా? తర్వాత తినడం మానేసింది. కిటికీకాడ కూర్చొని గని వైపు చూసేది. తిండి మానేసిన మరుసటి దినమే దొర మగ్దలీనమ్మను వరండాలోకి పిలిచినాడు.

"అమ్మ శనివారం రైలుకి పోతుంది. బెంగుళూరులో ముసలివాళ్ల ఇల్లు ఉంది. అక్కడ మావాళ్లు ఉన్నారు."

"వాళ్లకు అమ్మగారి మాట వచ్చునా దొరా?"

"ఇంగ్లీషు వస్తుంది."

"అమ్మగారికి ఇంగ్లీషు రాదు గదా!"

దొర టోపీ తీసినాడు, మళ్లా పెట్టుకున్నాడు. "ఇక్కడ మాత్రం ఎవరు మాట్లాడుతున్నారు?" అన్నాడు.

ఆయన కోపంగా అనలేదు. అందుకే మగ్దలీనమ్మకు అది గుచ్చుకుంది. ఇంటికొచ్చి తల్లి ముందు ఏడ్చింది. "ఆడ ఎవరితో మాట్లాడతాదమ్మా ఆమె? నెల తిరక్కుండా పోతాది. నావల్లనే."

"తెల్లతోలు ఉంటే చాలనుకున్నాడేమో దొర, మొగపిల్లోడు గదా," అంది రోశమ్మ. "నువ్వే ఆపరాదా?"

"ఎట్ల ఆపేది?"

"నోటితో."

ఆ మూడు దినాలూ మగ్దలీనమ్మకు కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే నడవబుద్ధి. బిందె పట్టుకొని బావికాడికి పోయి ఖాళీ బిందెతో తిరిగొచ్చేది. ఒక్క మాట చెప్పాలి. మీరు పోవద్దు అని. ఎన్ని రకాలుగా కూర్చినా ఎక్కడో ఒక వంకర కనపడేది. శుక్రవారం సాయంత్రం ముసలామె గౌన్లు పెట్టెలో సర్ది, ఎదురుగా పోయి నిలబడింది. ముసలామె తలెత్తి చూసింది. మగ్దలీనమ్మ నోరు తెరిచింది, మాట గొంతు దాకా వచ్చింది, మింగింది. దబ్బున రొట్టెల పెనమంత బండ పడి కాలిబొటనవేలు చితికింది.

ఆ బండను నెత్తిన పెట్టుకొని ఇంటికొచ్చింది. రోశమ్మ తిప్పి చూసి, "బాగుందే, సరిగ్గా సరిపోతాది," అని పొయ్యిమీది సంగటికుండకు మూత వేసింది.

శనివారం పొద్దున్నే మగ్దలీనమ్మ బంగళాకు పోలేదు. ముఖం చెల్లక పెరట్లో కూర్చుంది. స్టేషనుకు పోతా పోతా గని తాళాలు ఇవ్వడానికి దొర సత్యానందం ఇంటిముందు కారు ఆపినాడు. వాళ్లిద్దరూ అరుగుకాడ మాట్లాడుకుంటుండగా, పెద్దదొరసాని కారు తలుపు తీసుకొని దిగింది. నాలుగు దినాలు తినని మనిషి, కర్ర పొడుచుకుంటా సందులోంచి నేరుగా పెరట్లోకి పోయింది. ఆమె తండ్రి పలకలు చీల్చినవాడు, మొగుడు పలకలు చీల్చినవాడు. సందు చివర నడుమెత్తు పలకల కుప్ప కనబడితే ఎట్ల ఆగుతాది?

కుప్ప మీది ముక్క తీసి వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది. తల పంకించింది. సత్యానందం ఉలి, సుత్తి గోడవారనే ఉన్నాయి. పైముక్క పక్కనపడేసి, చెయ్యి లోపలికి పెట్టి జలదారి తడికి నానిన ముక్క లాగింది. ఒళ్లో నిలబెట్టుకొని అంచున ఉలి ఆనించి చిన్న దెబ్బ వేసింది. ముక్క రెండుగా విచ్చుకుంది. లోపలి నుంచి మగ్దలీనమ్మ గొంతు, వేల్సులో, తప్పులతో సహా పలికింది:

"టీలో ఉప్పు పడింది. తాగొద్దండీ."

"ఓ, అదా సంగతి!" అంది ముసలామె. ఆమె మాట్లాడి వారం.

ఇంకోటి చీల్చింది. "మీ చెల్లెలి పాట మళ్లా ఒకసారి పాడండి." ఇంకోటి. "నాకు చలి కాదండీ, జ్వరం. నా నొసట చెయ్యి పెట్టి చూడండి." ముసలామె ఒక్కో ముక్కకూ బదులు చెబుతా పోయింది. పాడమన్న దానికి రెండు చరణాలు పాడింది. జ్వరం అన్న ముక్కను చెంపకు ఆనించుకొని ఏడ్చింది. మగ్దలీనమ్మ కొంగు ముఖానికి కప్పుకొని గోడకు అతుక్కుపోయింది. తన తప్పులన్నీ పెరడంతా వినబడుతుంటే చచ్చిపోవాలనిపించింది.

దొర సందు మొదట్లో నిలబడిపోయినాడు. రోశమ్మ మాత్రం ముచ్చటపడి, పొయ్యి మీది మూతబండ కూడా తెచ్చి ముసలామె ముందు పెట్టింది. "దీన్ని కొట్టు తల్లీ. నిన్న సాయంత్రంది, అన్నిట్లోకీ పెద్దది."

ముసలామె ఉలి ఆనించి కొట్టింది. పగల్లేదు. గట్టిగా కొట్టింది. ఉలి జారింది.

సత్యానందం వంగి బండను తడిమి చూసినాడు. "పగలదు. పచ్చిమీదనే చీల్చాల గానీ, రాత్రంతా పొయ్యిమీద పెట్టి ఎండగొడితే ఇంకేం పగులుతాది? మీ ఆడోళ్లకు రాయన్నా మూతే, రప్పన్నా మూతే!"

ముసలామె వినలేదు. ఇందులో ఏముంది, ఇందులో ఏముంది అని వేల్సులో అడుగుతా, ఎడంచెయ్యి బండ మీద ఆనించి సుత్తి పైకెత్తింది. ఆ దెబ్బ పడితే ముసలిచెయ్యి నుజ్జే.

"ఆగండి!" మగ్దలీనమ్మ వేల్సులోనే కేక పెట్టి దూకి సుత్తి పట్టుకుంది. "చెయ్యి పోతాది! ఏందా మొండితనం? ఇవ్వండి ఇట్లా! అందులో ఏముందంటే మీరు పోవద్దని ఉంది. బెంగుళూరులో మీ మాట ఎవురికొచ్చు? టీలో ఉప్పుపడితే ఎవురు చెప్తారు? నాలుగు దినాలు తిండి మానేసి ఎవుర్ని సాధిస్తున్నారు, నన్నా? నేను గోడను కాను. నెస్తాను కూడా కాను. నా పేరు మగ్దలీనమ్మ!"

అన్నాక గానీ అన్నట్టు తెలియలేదు. ఒడి చూసుకుంది. ఏమీ లేదు. ఆ మాటల్లో తప్పులు లెక్కలేనన్ని దొర్లినాయి, ఒకచోట చేతికి బదులు తలుపు పోతాదని కూడా అన్నట్టుంది. ముసలామె ముందు తెల్లబోయింది, తర్వాత పళ్లులేని నోటితో పడీపడీ నవ్వింది.

"ఇంకా తిట్టు," అంది.

"ముందు తినండి."

రోశమ్మ సంగటిముద్ద, గోంగూర పెట్టిచ్చింది. ముసలామె సగం ముద్ద తిని, కారానికి ముక్కు చీదుకుంటా మిగతా సగం కూడా తినింది. దొర తల్లి పక్కన నేలమీద గొంతుక్కూర్చొని ఏదో ఒక ముక్క అన్నాడు. వేల్సులోనే. కుంటుకుంటా, వెతుక్కుంటా అన్నాడు. ఆమె కొడుకు చెవి పట్టుకొని మెలిపెట్టింది. ఆయన లేచి కారులోంచి పెట్టె దించమని సత్యానందానికి చెప్పినాడు. ఆ పొద్దు బెంగుళూరు ప్రయాణం ఆగిపోయింది, మళ్లా ఎవరూ దాని ఊసెత్తలేదు.

ముసలామె చెయ్యి కడుక్కొని, మగ్దలీనమ్మ గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది. నెస్తా అనబోయి ఆగింది. "మగ్..." అంది. అమ్మ తోకతో అంత పొడుగు పేరు నోటికి కుదరలేదు. కళ్లు పైకెత్తి, పెదాలు కదిలించి, లోపల్నే కడిగి తుడిచి నిలబెట్టుకొని, తప్పు పోతుందేమోనని సిగ్గుపడి మింగేసింది.

టక్కుమని ఆమె గౌను ఒళ్లో చిన్న పలకముక్క పడింది.

రోశమ్మ చీపురు అందుకుంది. మగ్దలీనమ్మ ఆ ముక్క తీసి అవతలికి విసిరేసి, ముసలామె ఎదుట బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

"మింగొద్దు," అని వేల్సులో అదిలించింది. "తప్పయినా సరే, పైకి అనండి."