ప్రిస్కిల్లా ఉపవాసం

ఒళ్ళు తగ్గాలనుకునే మనిషికి చీపురుపల్లిలో చుట్టాలను మించిన శత్రువులు లేరు. వద్దంటే ఇంకో గరిటె వేస్తారు. చెయ్యి అడ్డం పెడితే అలిగావా అంటారు. ప్రిస్కిల్లా రెండుసార్లు తగ్గింది, రెండుసార్లూ తగ్గినదానికంటే ఎక్కువ పెరిగింది. అందుకే ఈసారి ఎవరూ కాదనలేని అబద్ధం వెతుక్కుంది. ఉపవాస ప్రార్థనలో ఉన్నానంది.

బాప్టిస్టు ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు. దేనికోసమని అడగడం కూడా మర్యాద కాదు. పొద్దున్నే నిమ్మనీళ్ళు తాగి రైలెక్కి ఆమదాలవలసలో తను పాఠాలు చెప్పే బడికి పోయేది. సాయంత్రం వచ్చి కాస్త కూరగాయల సూపు తాగేది. ఫోనులో ఎవరో చెప్పిన పథ్యం. నడుం తగ్గుతోంది, కళ్ళూ తిరుగుతున్నాయి. పిల్లల టిఫిన్ డబ్బాల వాసనకి నోరూరితే తనమీద తనకే రోత పుట్టేది. మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందని హడలు.

దాని వెనక ఇంకా పెద్ద భయం ఉంది. షుగరుతో వాళ్ళమ్మకి మోకాలి కింద కాలు తీసేశారు. నువ్వూ అంచునే ఉన్నావు, బరువు తగ్గమ్మా అని మొన్న డాక్టరు అన్నప్పటినుంచి ప్రిస్కిల్లా నిద్రలో కూడా కాళ్ళు తడుముకుంటోంది.

అత్త దానమ్మకి ఎప్పటినుంచో షుగరు. కాలివేలి మీద పుండు మానడం లేదు. ఆవిడకి డాక్టరు చెప్పినట్టే ప్రిస్కిల్లా కంచం వేరుగా పెట్టి వెళ్ళేది. గరిటెడు అన్నం, దానికి రెండింతలు కూర, ఆకుకూర పప్పు, పులుసులో చేప ముక్క.

ఆ శనివారం బడి నుంచి వచ్చేసరికి దానమ్మ వంటింట్లో గోడకి చేరబడి ఉంది. ఒళ్ళంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. మూతపెట్టిన కంచం పెట్టింది పెట్టినట్టే ఉంది. షుగరు పడిపోయిందని ప్రిస్కిల్లాకి అర్థమైంది. ఇంకా మింగగలుగుతోందని చూసుకుని పంచదార నీళ్ళు పట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది.

"మాత్ర వేసుకుని అన్నం ఎందుకు మానేశావమ్మా?" తేరుకున్నాక డాక్టరు అడిగాడు.

"కోడలు నా పుండు కోసం పస్తులుంటంది బాబూ. అది పస్తుంటే నేనెలాగ తింటాను? నేనూ దాంతోపాటు ప్రార్థనలో ఉన్నాను."

ప్రిస్కిల్లాకి భూమి చీలితే బాగుండుననిపించింది. కాదని చెప్పకపోతే రేపు కూడా ఆ ముసలిది మాత్ర మింగి పస్తుంటుంది. మంచం కోడు పట్టుకుంది.

"నీ కోసం కాదత్తా. ప్రార్థనా కాదు. ఒళ్ళు తగ్గడానికి. మా అమ్మలాగ అయిపోతానని బయమేసింది."

దానమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. డాక్టరే మాట్లాడాడు.

"తగ్గడం ఎవరైనా తగ్గుతారమ్మా, నిలబడడమే కష్టం. పదేళ్ళయినా విసుగు లేకుండా తినగలిగిందే పథ్యం. మీ అత్తకి ఏం పెడుతున్నావు?"

చెప్పింది.

"నువ్వూ అదే తిను. రోజూ కాస్త నడువు. నిదానంగానే తగ్గుతావు, కంగారు పడకు."

రోజూ తన చేత్తో వడ్డిస్తున్న అన్నం అది. ప్రిస్కిల్లా సిగ్గుతో తలెత్తలేకపోయింది. ఆ నిదానం తన కాళ్ళని కాపాడుతుందో లేదోనన్న బెంగ మాత్రం పోలేదు.

 ఇల్లు చేరాక దానమ్మ రెండు కంచాలు తానే తీసి, రెండింటిలోనూ ఒక్కలాగే వడ్డించింది.

"దేవుడి పేరెట్టుకుని నాకాడ అబద్దమాడినావు. నేను నమ్మీసినాను సూడు."

ప్రిస్కిల్లా ఏడ్చింది. భోజన ప్రార్థన తన వంతే అయినా నోరు పెగల్లేదు. దానమ్మే కళ్ళు మూసుకుంది.

"ప్రబువా, ఈ పిల్లకి ఆకలేస్తే ఆకలేస్తందని, బయమేస్తే బయమేస్తందని నాతోటి సెప్పే నోరియ్యి."

ఆమేన్ అని ప్రిస్కిల్లా అన్నం కలుపుకుంది.